‘ఇది మీ రేంజ్ కాదు సార్’ అనే షాపుల్లో స్పీకర్లు కొనడం: నా అనుభవం

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో అడుగు పెడితే చాలు, ‘ఏం కావాలన్నా?’ అని నాలుగు వైపుల నుంచి పిలుస్తారు. అదే జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వైపు అద్దాల తలుపుల హై-ఫై షాపులకు వెళ్తే పిలిచేవాడుండడు. తలుపు మనమే నెట్టుకుని వెళ్లాలి. లోపల కూర్చున్న మనిషి తల ఎత్తి మన చెప్పుల దాకా ఒకసారి చూసి, మళ్లీ ఫోన్‌లోకి తల దించేస్తాడు. మనం తెలుగులో అడుగుతాం, అతను ఇంగ్లీషులో జవాబిస్తాడు. తర్వాత వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘బడ్జెట్ ఎంత?’

ఒక ఆంప్లిఫయరు, ఒక జత స్పీకర్లు కొనడానికి ఆరు వారాల్లో ఐదు షాపులు తిరిగాను. అవమానం మింగడం ఎలాగో చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ గంటసేపు డెమో పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు సంగతి. అవి అతని చేతిలో ఉంటే మర్యాదగా మాట్లాడినా మోసపోతాం. మన చేతిలో ఉంటే అతను ఎంత ముఖం మాడ్చుకున్నా మనకొచ్చే నష్టం లేదు.

బయల్దేరే ముందు ఇంట్లో టేపు పట్టుకుని గది కొలిచాను. వెడల్పు 12 అడుగులు, పొడవు 14, ఎత్తు 10. కూర్చునే చోటి నుంచి స్పీకర్లకు రెండున్నర మీటర్లు. నేల టైల్స్, గోడలు ఖాళీ, కిటికీకి పల్చటి కర్టెను. ఈ కొలతల నుంచి ముందే తెలిసేది ఒకటుంది: గదిలో ఏ బేస్ గుయ్యిమంటుందో. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని మీటర్లలోకి మార్చి, రెట్టింపు చేసి, ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లను దాంతో భాగిస్తే ఆ ఫ్రీక్వెన్సీ వస్తుంది. 14 అడుగులకు సుమారు 40 హెర్ట్జ్, 12 అడుగులకు 47, 10 అడుగులకు 56. షాపులో డెమో గది పెద్దది, కింద కార్పెట్టు, గోడలకు ప్యానెళ్లు. అక్కడ బిగువుగా వినిపించిన బేస్ మన గదిలో ఆ మూడు ఫ్రీక్వెన్సీల దగ్గర ఉబ్బుతుంది. ఇది తెలిసి వెళ్తే ‘ఇంకా పెద్ద మోడల్ తీసుకోండి సార్, బేస్ అదిరిపోతుంది’ అన్న మాటకు పడిపోం.

ఈ కొలతలు, రెండు లక్షల బడ్జెట్ (స్టాండ్లూ కేబులూ కలిపి అని స్పష్టంగా), వినదలచిన రెండు మూడు మోడళ్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. ‘స్టాండ్లూ కేబులూ కలిపి’ అని రాయకపోతే మొత్తం డబ్బు స్పీకర్లకూ ఆంప్‌కూ సర్ది, చివరి పది నిమిషాల్లో ‘మరి వీటికి స్టాండ్లు వద్దా?’ అంటారు.

తర్వాతిది పెన్ డ్రైవ్. షాపువాళ్ల డెమో పాటలు అన్నిచోట్లా ఒకే తీరు: నెమ్మదైన గిటారు, దగ్గరగా ఊపిరి వినిపించేలా పాడే ఆడగొంతు, మధ్యలో బోలెడు నిశ్శబ్దం. అలాంటి రికార్డింగు ఏ స్పీకర్ మీదైనా బాగుంటుంది. కాబట్టి స్పీకర్‌ను ఇబ్బంది పెట్టేవి నేనే పట్టుకెళ్లాను, అన్నీ ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత పోకుండా కుదించినవి), ఒక్కోటి రెండు నిమిషాలకు కోసినవి. మృదంగం తని (ఒంటిగా వాయించే భాగం) ఒకటి: ఎడమ వైపు తొప్పి మీద గుమికి, అంటే లోతుగా జారే మోత, సాగి ఆగాలి, వట్టి ‘బుం’ అని మిగిలిపోకూడదు. నాదస్వరం, డోలు ఒకటి: ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకర్) గరుకుగా ఉంటే నాదస్వరం ముప్పై సెకన్లలో చెవి పొడుస్తుంది, దాన్ని ఏ సేల్స్‌మ్యానూ కప్పిపుచ్చలేడు. పాత మోనో పద్యం ఒకటి: గొంతు రెండు స్పీకర్ల సరిగ్గా మధ్యలో నిలవాలి. వాయిద్యాలన్నీ ఒకేసారి మోగే ఇప్పటి సినిమా పాట ఒకటి. వీటితోపాటు ఒక నిమిషం పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు), 100 హెర్ట్జ్ టోన్. మొదటి షాపుకు ఇవేవీ లేకుండా వెళ్లాను, ఆ పూట వృథా అయింది.

శనివారం సాయంత్రం వెళ్తే పది మంది ఉంటారు, డెమో జరగదు. మంగళవారమో బుధవారమో పొద్దున 11 గంటలకు వస్తానని ముందే ఫోన్ చేసేవాణ్ని. ఫలానా రెండు జతలూ ఇప్పుడు డెమోలో ఉన్నాయా, ఏ ఆంప్‌కు కలిపి ఉన్నాయి, ఈ రెండే అడగాలి. ‘వచ్చేయండి సార్, చూద్దాం’ అంటే లేవని అర్థం.

షాపులోకి వెళ్లాక మొదటి వాక్యం ఇది: ‘ఈ రోజు కొనను. రెండు వారాల్లో తేలుస్తాను. గంటసేపు వింటాను, పాటలు నేనే తెచ్చుకున్నాను.’ ఇలా చెబితే బయటికి పంపేస్తారని భయపడ్డాను గానీ జరిగింది వేరు. ఆ మనిషి చిరాకు వెనక ఒక కారణం ఉంది. రోజూ ఎవరో ఒకరు రెండు గంటలు విని, ఫొటోలు తీసుకుని, ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తారు. అతనికి కమిషను పోతుంది. కొనని రోజు కొననని ముందే చెప్పే మనిషి మీద అతనికి కాస్త నమ్మకం కుదురుతుంది. ఐదింట మూడు షాపుల్లో ఈ మాటతోనే ధోరణి మారింది. తెలుగులోనే చెప్పాను, నాలుగో మాటకల్లా అతనూ తెలుగులోకి దిగాడు. పాండిత్యం చూపించబోతే మాత్రం వ్యవహారం చెడుతుంది. అతను దాన్ని పోటీగా తీసుకుంటాడు, ఆ పోటీలో పదాలు అతని దగ్గరే ఎక్కువ ఉంటాయి.

ఇక మాటల సంగతి. ‘ఇది మీ రేంజ్ కాదు సార్’ అంటే వాదించకుండా ‘రేంజ్‌లో ఉన్నవి రెండు వినిపించండి’ అనాలి, అంతే. ‘మీ ఆంప్ ఈ స్పీకర్లను లాగలేదు’ అన్నది మాత్రం కొట్టిపారేయకూడదు, ఒక్కోసారి అది నిజం. అప్పుడు అడగాల్సినవి రెండు అంకెలు: సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎంత గట్టిగా మోగుతుందో), కనిష్ఠ ఇంపీడెన్స్ (స్పీకర్ నిరోధం అతి తక్కువగా ఎన్ని ఓమ్‌లకు దిగుతుందో, అది ఎంత తగ్గితే ఆంప్‌కు అంత భారం). ఉదాహరణకు కెఫ్ ఎల్ఎస్50 మెటా స్పీకర్లు. పెట్టె మీద 8 ఓమ్‌లు అని ఉంటుంది, స్పెసిఫికేషన్‌లో కనిష్ఠం 3.5 ఓమ్‌లు, సెన్సిటివిటీ 85 డీబీ (డెసిబెల్, ధ్వని ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత). మరాంట్జ్ పీఎం6007 ఆంప్ 8 ఓమ్‌లకు 45 వాట్లు, 4 ఓమ్‌లకు 60 వాట్లు ఇస్తుంది. ఈ రెండింటికీ జత కుదురుతుందా? ఒక వాట్‌కు, ఒక మీటర్ దూరంలో 85. స్పీకర్లు రెండు కాబట్టి 3 కలుపుదాం. రెండున్నర మీటర్ల దూరానికి మామూలు గదిలో 6 దాకా పోతుంది. 45 వాట్లు అంటే ఒక వాట్ మీద 16.5 డీబీ ఎక్కువ. మొత్తం 98 డీబీ పైన. ఇంట్లో గట్టిగా వినేది సగటున 75 అనుకుంటే, డోలు దెబ్బకు పైన ఇంకా 20 డీబీకి పైగా చోటు మిగులుతుంది. నా గదికి ఇది చాలు. దానికి బదులు 150 వాట్ల ఆంప్ కొంటే అదనంగా వచ్చేది 5 డీబీ మాత్రమే. పవర్ రెట్టింపైతే 3 డీబీ, పది రెట్లయితే 10 డీబీ. చెవికి ‘రెట్టింపు గట్టిగా’ అనిపించడానికి సుమారు ఆ 10 డీబీ కావాలి. ఈ లెక్క కాగితం మీద వేసి ‘ఇందులో తప్పెక్కడుంది?’ అని అడిగాను. ఒక షాపులో మాట మార్చారు. ఇంకో చోట, అప్పటిదాకా ముభావంగా ఉన్న మనిషి పెన్ను అందుకుని ‘హాలు పెద్దదై, నాలుగు మీటర్ల అవతల కూర్చుంటే ఈ లెక్క కుదరదు. మీ గదికైతే సరే’ అన్నాడు. సరైన జవాబు అదే.

స్పెసిఫికేషన్‌లో ఒక చిన్న మెలిక. సెన్సిటివిటీని ‘2.83 వోల్టులకు’ అని ఇస్తే, 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది 1 వాట్, 4 ఓమ్‌ల స్పీకర్‌కు 2 వాట్లు. అంటే 4 ఓమ్‌ల స్పీకర్ అంకె 3 డీబీ ఎక్కువ కనిపిస్తుంది, ఆ భారం మోసేది ఆంపే. రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు ఇది చూసుకోవాలి.

‘మీ చెవికి ఇంకా అలవాటు కాలేదు సార్’ అన్నది అసలైన గర్వం మాట. దీనికి నా దగ్గరున్న జవాబు ఒకటే: ‘అయితే ఏది మోగుతోందో చెప్పకుండా రెండూ వినిపించండి.’ ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

‘బర్న్-ఇన్ కావాలి, 200 గంటలు ఆడితే గానీ అసలు సౌండ్ రాదు’ అన్నది ఇంకొకటి. కొత్త స్పీకర్ కోన్ అంచులు మొదటి కొద్ది గంటల్లో కాస్త వదులవుతాయి, అంతవరకు సరే. రోజుకు మూడు గంటలు వింటే 200 గంటలకు 67 రోజులు పడుతుంది. బిల్లు మీద మార్పిడి గడువు ఏడు రోజులు. నచ్చలేదని ఫోన్ చేస్తే ‘ఇంకా బర్న్-ఇన్ కాలేదు’ అంటారు, అయ్యేసరికి గడువు దాటి రెండు నెలలవుతుంది. పైగా షాపులో మనం విన్న జత నెలల తరబడి ఆడినది. దాని ధ్వని నచ్చిందా లేదా అన్నది అక్కడే తేల్చుకోవాలి.

డెమోలో ఎక్కువ మోసం జరిగేది వాల్యూమ్ దగ్గర. తేడా 1 డీబీ ఉన్నా చెవి దాన్ని ‘గట్టిగా ఉంది’ అనుకోదు, ‘విడమరిచి వినిపిస్తోంది, నిండుగా ఉంది’ అనుకుంటుంది. అమ్మదలచిన జత పెట్టేటప్పుడు నాబ్ మీద చెయ్యి కొంచెం తిరుగుతుంది. ఒక్కోసారి కావాలని కూడా కాదు, స్పీకర్ల సెన్సిటివిటీలు వేరైతే నాబ్ కదపకపోయినా తేడా వస్తుంది. అందుకని స్పీకర్లు మార్చిన ప్రతిసారీ పింక్ నాయిస్ పెట్టి, కూర్చునే చోట చెవి ఎత్తులో ఫోన్ పట్టుకుని, సౌండ్ మీటర్ యాప్‌లో అంకె చూశాను. ఫోన్ యాప్ చూపే అంకె నిజమైనది కాకపోవచ్చు. అయినా అదే ఫోన్, అదే చోటు, అదే నాయిస్ అయితే పోలికకు పనికొస్తుంది. రెండు జతలూ అర డీబీ లోపల సమానమయ్యేదాకా నాబ్ సర్దమన్నాను. మూడో షాపులో ఖరీదైన జత 2 డీబీ ఎక్కువ మోగుతున్నట్టు తేలింది. సమానం చేశాక, అంతకు ముందు నాకే గొప్పగా అనిపించిన ‘క్లారిటీ’ సగం పోయింది.

ఆంప్‌లు పోల్చాలంటే ఫోన్ చాలదు, మల్టీమీటర్ కావాలి. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టులు చూడాలి. చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర తప్పు చూపిస్తాయి, అందుకే 100 హెర్ట్జ్ టోన్. రెండు ఆంప్‌ల మధ్య తేడా 0.1 డీబీ లోపల ఉండాలంటే 2.00 వోల్టులకు 2.02 మించకూడదు. మీటర్ బయటికి తీసేసరికి సేల్స్‌మ్యాన్ ముఖం చూడాలి! ఒక చోట ‘ఇక్కడ ఇవన్నీ అలౌ చెయ్యం’ అన్నారు. మారు మాట్లాడకుండా థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. మీటర్ పెట్టనివ్వని చోట ఆంప్ పోలిక వినడం దండగ.

వాల్యూమ్ కాక ఇంకా చూసుకోవాల్సినవి: బేస్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలో ఉన్నాయా, లౌడ్‌నెస్ బటన్ ఆఫ్‌లో ఉందా, మూలన సబ్‌వూఫర్ ఏదైనా మోగుతోందా (మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది). నలభై వేల స్పీకర్లను మూడు లక్షల ఆంప్‌తో వినిపించడం మామూలే. మనం కొనబోయే ఆంప్‌తోనే వినిపించమని అడగాలి. సోఫా నుంచి స్పీకర్ల దూరం ఇంట్లో ఉన్నంతే ఉండాలి, తప్పితే కుర్చీ జరుపుకోవాలి. కుర్చీ జరపడానికి మొహమాటపడ్డవాళ్లను చాలామందిని చూశాను. జరపండి, ఎవరూ ఏమీ అనరు.

పోలారిటీ తప్పు షాపుల్లో నేను అనుకున్నదానికంటే ఎక్కువ. రోజుకు పదిసార్లు వైర్లు మారుస్తారు, ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారైపోతాయి. మోనో పద్యం పెడితే గొంతు మధ్యలో నిలవకుండా గదంతా పరుచుకుంటుంది, బేస్ పల్చబడుతుంది. దీన్నే ఒక చోట ‘సౌండ్‌స్టేజ్ ఎంత వెడల్పో చూశారా’ అని వర్ణించారు. వెనక్కి వెళ్లి చూస్తే కుడి స్పీకర్ వైర్లు తిరగేసి ఉన్నాయి.

కేబుళ్ల దగ్గర గర్వం ముదురుతుంది. లెక్క చిన్నది. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకు సుమారు 8 మిల్లీఓమ్‌లు. ఐదు మీటర్ల దూరానికి పోనూ రానూ పది మీటర్లు, అంటే 0.08 ఓమ్. 8 ఓమ్‌ల దగ్గర పోయేది 0.1 డీబీ కూడా కాదు, 3.5 ఓమ్‌లకు దిగినచోట 0.2. దానికి పొడుగు తగ్గించడమో ఇంకాస్త లావు వైరు వేయడమో మందు. రాగి తీగ లోపలి స్ఫటికాల దిశ గురించి ఉపన్యాసం కాదు. నేను వేసుకున్నది మామూలు మల్టీస్ట్రాండ్ రెండు పోగుల 2.5 వైరే, చివర బనానా ప్లగ్‌లు పెట్టి. హై-రెజ్ ఫైళ్ల (సీడీని మించిన అంకెలతో అమ్మేవి) మాట కూడా ఇంతే. 1982లో వచ్చిన సీడీ 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లే మనిషి వినగలిగే 20 కిలోహెర్ట్జ్ దాకా అందిస్తాయి. డెమోలో తేడా వినిపిస్తే రెండు ఫైళ్లూ ఒకే మాస్టరింగా (చివరి మెరుగులు దిద్దిన ఒకే ప్రతి నుంచి వచ్చాయా) అని అడగాలి.

రికార్డ్ ప్లేయర్లు అమ్మే మూల అన్నిటికంటే గర్వం మూల. అక్కడ అడగాల్సిందల్లా ‘కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) మీరే సెట్ చేసిస్తారా?’ అని. ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి సూది రికార్డు మీద మోపే బరువు 2 గ్రాములు ఉండాలి. తూచే చిన్న త్రాసు షాపులో లేకపోతే వినైల్ గురించి వాళ్లు చెప్పే మిగతా కబుర్లు విననక్కర్లేదు. ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ను పెంచే భాగం) లేని ఆంప్‌కు టర్న్‌టేబుల్ అంటగట్టడమూ ఉంది. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే, ఇంటికెళ్లాక సౌండ్ చీమ నడిచినట్టుంటుంది.

ఈ తిరుగుడులో నాకు కుదిరిన గుర్తు ఒకటి. ‘గది ఎంత? గోడకు ఎంత దూరంలో పెడతారు? ఏం వింటారు?’ అని బడ్జెట్ కంటే ముందు అడిగిన మనిషి కసురుకున్నా అక్కడే ఉండండి. కాఫీ ఇచ్చి, కుర్చీ వేసి, గది ఊసే ఎత్తని మనిషి దగ్గర జేబు జాగ్రత్త. చివరికి నేను కొన్నది పెన్ను అందుకున్న ఆ ముభావపు మనిషి దగ్గరే.

బిల్లు దగ్గర తొందరపడకూడదు. పెట్టె మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న స్టిక్కర్ చూడాలి. విదేశీ సరుకుకు అది తప్పనిసరి. స్టిక్కర్ లేకపోతే గ్రే మార్కెట్ (అధికారిక దిగుమతిదారు ద్వారా రాని) సరుకు, ఇక్కడి దిగుమతిదారు వారంటీ రాదు. అమెరికా నుంచి వచ్చిన ఆంప్ అయితే వెనక 120 వోల్టులని ఉంటుంది, మన 230లో పెడితే మొదటి రోజే ఫ్యూజో ట్రాన్స్‌ఫార్మరో పోతుంది. జీఎస్‌టీ బిల్లులో రెండు స్పీకర్ల సీరియల్ నంబర్లూ, ఆంప్ నంబరూ రాయించాను. ‘ఎందుకు సార్ అవన్నీ’ అన్నారు, రాసేదాకా కార్డు ఇవ్వలేదు. ‘కేబుల్ కూడా తీసుకుంటేనే ఈ స్పీకర్లు ఇస్తాం’ అంటే, అలా ముడిపెట్టి అమ్మడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం 2019 నిర్బంధ వ్యాపార పద్ధతి అంటోంది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద అచ్చు వేసినా లోపమున్న సరుకుకు అది చెల్లదు. బిల్లులో గడువు లేకపోతే అలాంటి లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం అదే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ నంబరు తెలుసని వాళ్లకు తెలిస్తే చాలు, చాలాసార్లు డయల్ చేసే పని ఉండదు.

ఇంట్లో మొదటి రోజు అనుకున్నట్టే 47 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బింది. స్పీకర్లు గోడకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. 60కి జరిపితే చాలావరకు తగ్గింది. ట్వీటర్ చెవి ఎత్తుకు రావడానికి 24 అంగుళాల స్టాండ్లు సరిపోయాయి. చప్పట్లు కొడితే గోడల మధ్య టింగ్‌మని తిరిగే మోతకు మందపాటి కర్టెన్లు, నేల మీద జంపఖానా, వెనక గోడకు పుస్తకాల అల్మారా. స్పీకర్ల తర్వాత ఎక్కువ తేడా తెచ్చినవి ఇవే, వీటిని ఏ షాపూ అమ్మజూపలేదు.

నెల తర్వాత ఆ షాపుల్లో ఒకదాన్నుంచి ఫోను. ముప్పై ఐదు వేల స్పీకర్ కేబుల్ వచ్చిందట, నా సిస్టమ్‌కు ‘నెక్స్ట్ లెవల్’ అట. సరే, ఇంటికి పంపండి అన్నాను. ఏ వైరు కలిపి ఉందో నాకు తెలియకుండా మీ మనిషే మారుస్తాడు, ప్రతిసారీ నాణెం ఎగరేసి. పదిసార్లు. అందులో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పగలిగితే కొంటాను. ఊరికే ఊహించి తొమ్మిదీ ఆపైన కొట్టడానికి నూటికి ఒక వంతే అవకాశం, కాబట్టి అప్పుడు నిజంగానే వినిపించిందని ఒప్పుకుంటాను. కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా కనుక్కుంటున్నాడు.